‘బైట్’ అనే మాటను తెలుగు చేసిన పదకొండు రోజులు

జగిత్యాల వేరే జిల్లా అయిన మరుసటి సంవత్సరం, జూన్ మొదటి సోమవారం నాడు, పద్నాలుగు పేజీల ఇంగ్లీషు పుస్తకం ఒకటి నా బల్ల మీదికి వచ్చింది. గల్ఫ్ పోయేవారికి పని నేర్పి పరీక్ష పెట్టే ఒక ప్రైవేటు శిక్షణ కేంద్రంలో అప్పుడు నేను సీనియర్ ట్రాన్స్‌లేటర్‌ని. ప్రిన్సిపాల్ కింద చీఫ్ ఇన్‌స్ట్రక్టర్, ఆయన కింద ఇన్‌స్ట్రక్టర్లు. ట్రాన్స్‌లేటర్ హోదా ఇన్‌స్ట్రక్టర్‌తో సమానమని కాగితం మీద ఉండేది. కుర్చీ మాత్రం స్టోరు గది పక్కన, ఫ్యాను గాలి సగం తగిలే చోట ఉండేది. ఆ సగం గాలికి కూడా నేను దేవునికి స్తోత్రం చెప్పుకున్నదాన్నే.

గల్ఫ్‌లోని ఒక ఓడరేవుకు పన్నెండు మంది మూరింగ్ పనివారు కావాలి. మూరింగ్ అంటే రేవుకు వచ్చిన ఓడను మణికట్టంత లావు తాళ్లతో గట్టుకు కట్టడం, వెళ్ళేటప్పుడు విప్పడం. గట్టు మీద ఇనుప గుంజలు పాతి ఉంటాయి, వాటిని బొల్లార్డులంటారు. ఓడ మీది నుంచి విసిరిన తాడును పట్టుకుని గుంజకు తగిలించడం వరకు మనిషి పని. ఆ తర్వాత తాడును బిగించేది ఓడలో ఉండే యంత్రం. నాకు వచ్చిన పుస్తకం ఆ పనిలోని జాగ్రత్తల గురించి. మరుసటి వారం గురువారం పరీక్ష. అంటే నా తెలుగు ప్రతి తయారై, అభ్యర్థుల తలకెక్కి, పని అలవాటు కావడానికి మధ్యలో ఉన్నవి పది రోజులు.

నా చదువు గురించి ఒక మాట చెప్పాలి. చిన్నప్పుడు కీళ్ల జ్వరం వచ్చి నేను బడికి పోలేదు. సిరిసిల్లలో కాంపౌండరుగా ఉన్న మా నాయనే ఇంటి దగ్గర చదివించాడు. మా ఇంట్లో ఇంగ్లీషు పుస్తకాలు లేవు. మందు డబ్బాల్లో మడిచి పెట్టే చీటీలే నా పాఠాలు. ఒక్కో వాక్యం చదివించి, “గిది మందు మింగే ముసలవ్వకు ఎట్ల చెప్తవ్ బిడ్డా?” అని అడిగేవాడు. పదో తరగతి ప్రైవేటుగా, డిగ్రీ దూరవిద్యలో గట్టెక్కాను. అట్లాంటి గురువును ఇంట్లోనే ఇచ్చినందుకు దేవునికి రుణపడి ఉన్నాను.

మా కేంద్రంలో తెలుగు ప్రతికి మూడు మెట్లు ఉండేవి. మొదటిది ముసాయిదా. రెండోది, అర్థం సరిపోయిందని ఆ పని తెలిసిన ఇన్‌స్ట్రక్టర్ సంతకం. మూడోదాన్ని మేము ‘తిరిగి చెప్పించడం’ అనేవాళ్ళం. అభ్యర్థి చదివి, పుస్తకం మూసి, తన మాటల్లో నాకు చెప్పాలి. అందరూ సరిగ్గా చెప్తేనే ప్రతి మీద కేంద్రం ముద్ర పడుతుంది.

ఆ పద్నాలుగు పేజీల్లో నన్ను ఆపిన మాట ఒక్కటే, బైట్. దాదాపు ప్రతి పేజీలో ఉంది. నిఘంటువు మూడు అర్థాలు ఇచ్చింది: వంపు, తీరం లోపలికి వంగిన చోట ఏర్పడే వెడల్పాటి అఖాతం, తాడు రెండు కొసల మధ్య వంగి ఉన్న భాగం. పాత కాలంలో మోచేతి లోపలి మడతను కూడా ఈ మాటతోనే అనేవారట. మూడూ ఒక కుటుంబం మాటలేనని తెలుస్తూనే ఉంది. అయితే సముద్రమే చూడని నాకు, తాడు వంగి ఉండటం అంత పెద్ద సంగతి ఎందుకయిందో తెలియలేదు.

ఇన్‌స్ట్రక్టర్ అప్పారావు గారిని అడిగాను. ఆయన శ్రీకాకుళం వైపు మనిషి, ఓడల్లో సరంగుగా చేసి రిటైరైనవాడు. సరంగు అంటే డెక్కు మీద పనిచేసేవాళ్ళకు పెద్ద. తన భుజం మీది తుండును తీసి నా బల్ల మీద వంపుగా పరిచి చూపించాడు. రెండు కొసలు ఎక్కడున్నా సరే, నడుమ వంగినదంతా బైటే. ‘బైట్ మీద ముడి’ అంటే కొసలు ముట్టకుండా నడిమి తాడుతోనే వేసే ముడి. ‘బైట్ తగిలించు’ అంటే ఆ వంపును గుంజ మీద వేయమని. ఇవి నేర్పు మాటలు. ‘బైట్‌లో నిలబడకు’ అన్నది మాత్రం ఆజ్ఞ. ఇంత చెప్పి తుండు రెండు కొసలూ పట్టుకుని లాగాడు. వంపు పోయి అది తిన్నగా అయింది.

“ఓడ కదిలిందంటే ఆ ఒంపు ఇలా తిన్నగా అయిపోద్దమ్మా. నోపల ఏటుందో దానికి పట్టదు,” అన్నాడు. తర్వాత కుడి కాలి చెప్పు విడిచాడు. రెండు వేళ్ళు లేవు. మళ్ళీ చెప్పు తొడుక్కుని, తుండు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు.

ఉచ్చు అని రాద్దామనుకున్నాను. ఉచ్చుకు ముడి ఉంటుంది, దీనికి లేదు. చివరికి ‘తాడు మడత’ అని పెట్టాను. ఓడను ఎన్నడూ చూడనివారికి పోలిక ఒకటి ఉంటే బాగుంటుందనిపించి, ఐదో పేజీలో ఇట్లా కలిపాను: ‘తాటిచెట్టు ఎక్కేటప్పుడు చెట్టుకూ నడుముకూ కలిపి వేసుకునే మోకును గుర్తు తెచ్చుకోండి. తాడు మడత ఆ వంపు లాంటిదే. ఆ మడతలో నిలబడరాదు.’ మా వైపు మోకు తెలియనివారు లేరు. అప్పారావు గారు కూడా తమ వైపూ తాటిచెట్లు ఎక్కుతారని చెప్పి, బాగుందని సంతకం పెట్టాడు. నిజం చెప్పాలంటే, ఆ పోలిక దొరికిందని రెండు రోజులు నాలో నేను మురిసిపోయాను.

గురువారం తిరిగి చెప్పించడం. పన్నెండు మందిలో సిరిసిల్ల, తంగళ్ళపల్లి నుంచి వచ్చిన మరమగ్గాల పనివాళ్ళు ఉన్నారు, రైతు కూలీలు ఉన్నారు. కోరుట్లలో టెంట్ హౌస్‌లో షామియానాలు కట్టే ఖాజా ఉన్నాడు. ఖాజా ముందే అడిగాడు, ఇది కుక్క కరిచే బైటా, వేరేదా అని. వేరేదని చెప్తే, “ఇది కూడ కరుస్తనే ఉన్నది కద మేడం,” అన్నాడు. అందరికంటే బాగా చెప్పింది గొల్లపల్లి నుంచి వచ్చిన మల్లేశం గౌడ్. పాఠం మొత్తం ఒక్క ముక్క పోకుండా ఒప్పజెప్పాడు. మధ్యాహ్నానికి ముద్ర పడింది.

మల్లేశం గురించి కొంచెం చెప్పాలి. తాటిచెట్లు ఎక్కి కల్లు గీయడం వాళ్ళ కులవృత్తి. ఊళ్ళో చెట్లు ఒక్కటొక్కటే పోయి, కొన్నేళ్ళుగా కూలికి పోతున్నాడు. గల్ఫ్‌కు అంతకుముందు రెండుసార్లు ప్రయత్నిస్తే రెండుసార్లూ ఏజెంట్ల దగ్గరే ఆగిపోయింది. ఈ పనికి వయసు నలభై దాటకూడదు. అతనికి ముప్పై తొమ్మిది నిండాయి. ఇదే ఆఖరి అవకాశమని అతనికీ తెలుసు, మాకూ తెలుసు.

శుక్రవారం యార్డులో పని మొదలైంది. యార్డు అంటే కేంద్రం వెనుక ఖాళీ స్థలం. అక్కడ రెండు గుంజలు పాతి, ఓడకు బదులు ఒక ట్రాక్టరుకు తాడు కట్టేవాళ్ళం. ఈల వేస్తే ట్రాక్టరు ఆగాలి. కొసలు ముట్టకుండా ముడి వేయమంటే మల్లేశం కళ్ళు మూసి తెరిచేలోగా వేశాడు. ఈడి సేతుల్లో ఇరవయ్యేళ్ళ సముద్రం ఉందని అప్పారావు గారు మెచ్చుకున్నాడు.

ఆ తర్వాత వదులు తాడు కింద పడింది. వంపు తిరిగి మల్లేశం ముందు పరుచుకుంది. అతడు కుడి కాలు అందులో పెట్టాడు. ఎడమ కాలూ పెట్టాడు. వంగి, ఆ తాడును వీపు వెనక్కి తెచ్చుకోబోయాడు. ఈల మోగింది.

రెండోసారీ అంతే. మూడోసారీ అంతే. శనివారమూ మారలేదు. అడిగితే నియమం తప్పు లేకుండా చెప్తాడు. తాడు పడగానే లోపలికి పోతాడు. పక్కవాళ్ళు మొదట నవ్వారు, తర్వాత నవ్వడం మానేశారు.

సాయంత్రం అప్పారావు గారు నా దగ్గరికి వచ్చాడు. కోపం లేదు ఆయనలో. “ఈడి పేరు కొట్టేయించండమ్మా. మంచోడు. అందుకే అంటన్నాను,” అన్నాడు. చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ రూలు చెప్పాడు: బుధవారం సాయంత్రం వరకు జాబితాలో పేరు మార్చవచ్చు, ఎదురు చూసే అభ్యర్థి ఒకడు సిద్ధంగా ఉన్నాడు. వాళ్ళిద్దరిదీ న్యాయమే. కాలు పోగొట్టుకుని వచ్చేదానికంటే ఇక్కడ కూలి చేసుకోవడం మేలు.

మల్లేశం గేటు దగ్గర నా కోసం నిలబడి ఉన్నాడు. “మేడం, నాకు ఎరుక లేక కాదు. మీరు చెప్పింది మొత్తం ఎరుకే. కాలే పోతంది,” అన్నాడు.

ఆదివారం మందిరంలో ఆరాధన అయ్యాక గొల్లపల్లి బస్సు ఎక్కాను. ఉద్యోగ రీత్యా పోవలసిన పని కాదు. ఆ కాలు ఎందుకు పోతుందో చూడాలనిపించింది. మల్లేశం భార్య లచ్చవ్వ మంచినీళ్ళిచ్చి కూర్చోబెట్టింది. మోకు గోడకు మేకు మీద వేలాడుతూ ఉంది. యార్డులో జరిగింది చెప్తే ఆమె ఆశ్చర్యపోలేదు. “ఆయనకు పండుకున్నా గూడ నడుముకు మోకు ఉన్నట్టే అక్కా. ఊర్ల చెట్లు పోయినయ్ గని ఆయన ఇంక చెట్టు మీదికెల్లి దిగలే,” అంది. మల్లేశం తల వంచుకుని నవ్వాడు.

చెట్టు ఎక్కి చూపించమని అడిగాను. ఇంటి వెనుక ఉన్న ఒక్క తాటిచెట్టు దగ్గరికి తీసుకుపోయాడు. మోకును మాను చుట్టూ తిప్పి, దాని వంపు లోపలికి వచ్చి, వీపుకు ఆనించుకున్నాడు. పాదం చెట్టుకు తగిలింది ఆ తర్వాతే. లోపలికి రావడమే ఆ పనిలో మొదటి అడుగు. వాళ్ళ నాయన నేర్పిన మొదటి మాట కూడా అదేనట, మోకు బయట ఉన్నోడు మన్ను కరుస్తడని.

అక్కడే, ఆ ఎండలో, నా ఐదో పేజీ కళ్ళ ముందుకు వచ్చింది. ఏ తాడు లోపల ఉంటే ఈ మనిషి ఇన్నేళ్ళు ప్రాణంతో ఉన్నాడో, అపాయానికి పోలికగా నేను ఆ తాడునే ఇచ్చాను. ‘నిలబడరాదు’ అన్న మాట అతని నోటికి చేరింది. మోకు అన్న మాట నేరుగా కాలికి చేరింది. మిగతా పదకొండు మందికి మోకు చూసిన వస్తువే. ఇతనికి అది ప్రాణం.

“తప్పు నాది మల్లేశం, నీది కాదు,” అన్నాను. అతడు ఒప్పుకోలేదు, మొహమాటంగా నిలబడ్డాడు. నేను ఇంకొక్కటే అడిగాను: చెట్టు మీద ఉన్నప్పుడు మోకును ఎవరు లాగుతారు?

“నేనే గుంజుత. ఎన్కకు వంగితె బిగుస్తది, ముంగటికి ఒరిగితె సడలుతది.”

“మరి యార్డుల?”

చేతిలోని మోకును చూశాడు. తర్వాత చెట్టు పైకి చూశాడు.

“ఆడ ట్రాక్టర్ గుంజుతది. అటు పోతె ఓడ గుంజుతది,” అన్నాడు. కాసేపటికి నాతో కాదు, తనతో తను చెప్పుకున్నట్టు అన్నాడు: “గట్లయితె ముందుగాల ఎవలు గుంజుతున్నరో సూడాలె. నేను గుంజేది నన్ను కాస్తది. ఇంకెవలో గుంజేది నన్నెందుకు కాస్తది?”

“గీ బుద్ధి శుక్రారమే అచ్చి ఉంటె, గీ ఎండల అక్కకు బస్సు బాధ తప్పుతుండె కద,” అంది లచ్చవ్వ.

సోమవారం పొద్దున సవరణ చీటీ రాశాను. ముద్ర పడిన ప్రతిలో అక్షరం మార్చాలన్నా ఆ చీటీ ఉండాలి. అందులో కారణం రాయాలి, ఇన్‌స్ట్రక్టరూ చీఫ్ ఇన్‌స్ట్రక్టరూ సంతకాలు చేయాలి. అది నా సర్వీసు ఫైలులో ఉండిపోతుంది. చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ మంచితనంతో, అచ్చు తప్పు అని రాయమ్మా, నీకెందుకు మచ్చ అన్నాడు. ఆయన దయకు నమస్కారం చెప్పి, ‘అనువాదకురాలి పొరపాటు’ అనే రాశాను. ‘తాడు మడత’ అన్న మాట అట్లాగే ఉంచాను. మోకు పోలిక కొట్టేసి, ఆ చోట మల్లేశం మాటను పెట్టాను: ‘తాడు దగ్గరికి పోయే ముందు దాన్ని ఎవరు లాగుతున్నారో చూడండి. లాగేది మీరు కాకపోతే, ఆ మడత మీ చోటు కాదు.’

మాట మారినంత మాత్రాన కాలు మారదని అప్పారావు గారు అన్నాడు. ఆయనే ఒక ఉపాయం చేశాడు. మనిషి కాలంత లావున ఎండు మొక్కజొన్న కట్టెల మోపు కట్టించి, తాడు మడత నడుమ నిలబెట్టాడు. ట్రాక్టరు కదిలింది. తాడు గుంజ మీద బిగిసింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. మోపు నడుమకు విరిగి రెండు ముక్కలుగా పడింది. మల్లేశం పోయి రెండు ముక్కలూ చేతిలోకి తీసుకుని, చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు.

ఆ రోజు నుంచి ఖాజా ఒక పద్ధతి పెట్టాడు. తాడు కింద పడ్డప్పుడల్లా షామియానా కట్టేటప్పుడు అరిచినట్టు, “ఎవరు గుంజుతున్రు?” అని కేక వేస్తాడు. “ఓడ,” అని అందరూ అనాలి. తంగళ్ళపల్లివాళ్ళు దాన్ని మగ్గం చప్పుడు వరుసలో పాడేవారు. మల్లేశం కాలు సోమవారం సాయంత్రం వరకు లోపలికి పోతూనే ఉంది. మంగళవారం లోపల పెట్టి, పెట్టిన వెంటనే తీసుకోవడం మొదలైంది. బుధవారం గాలిలో ఆగింది. సాయంత్రం నాలుగు గంటలకు చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ జాబితా పట్టుకుని యార్డుకు వచ్చాడు. అప్పారావు గారు దాన్ని చాలాసేపు చేతిలో పట్టుకుని, పేరు కొట్టకుండానే తిరిగి ఇచ్చాడు.

గురువారం పరీక్ష పెట్టడానికి ఓడరేవు తరఫున ఒక అధికారి వచ్చాడు. ఆయనకు తెలుగు రాదు. పరీక్షలో ఆయనకు దుబాసీని నేనే, ఆ పాత్రకు గట్టి నియమాలున్నాయి. పసుపు గీత వెనుకే నిలబడాలి. ఆజ్ఞను మాత్రమే తెలుగులో చెప్పాలి, ఒక్క మాట కలపకూడదు. చేయి ఊపినా, తల ఆడించినా అభ్యర్థి ఫెయిల్. ఖాజా కేకలూ ఆ రోజు బంద్.

మల్లేశం వంతు ఏడోది. తాడు అందుకున్నాడు, మడతను గుంజ మీద వేశాడు. వదులు చేయమన్న ఆజ్ఞ నేను తెలుగులో చెప్పాను, చేశాడు. అప్పుడు ట్రాక్టరు కొంచెం కుదుపుతో ముందుకు జరిగింది. నేల మీద ఉన్న వదులు తాడు పాములా జారి, అతని కుడి పాదం చుట్టూ వంపు తిరిగింది. అతడు కదలలేదు, తాడే వచ్చి అతన్ని లోపల పెట్టింది. ఇట్లాంటిది మేము సాధన చేయించలేదు.

గీత వెనుక నిలబడి నేను నోరు మూసుకున్నాను. లోపల మాత్రం దేవుణ్ణి పిలుస్తూనే ఉన్నాను. అప్పారావు గారు ఈల పెదవుల దాకా తెచ్చాడు.

మల్లేశం కింద తాడును చూడలేదు. తల ఎత్తి ట్రాక్టరు వైపు చూశాడు. పెదవులు కదిలాయి. కాలు పైకెత్తి మడత బయట పెట్టాడు, రెండడుగులు వెనక్కి వేశాడు, మడతలో ఎవరూ లేరని చేయెత్తి చూపించాడు. తాడు బిగిసి తిన్నగా అయింది.

అధికారి పెన్ను ఆపి, అతడేమన్నాడని నన్ను అడిగాడు. అడిగితే చెప్పవచ్చు. ‘ఎవలు గుంజుతున్నరు’ అన్నాడని, ఎవరు లాగుతున్నారో చూసుకుంటున్నాడని చెప్పాను. ఆయన ఆ మాటను అట్లాగే రిమార్కుల గడిలో రాసుకున్నాడు.

శుక్రవారం జాబితా అంటించారు. మల్లేశం పేరు ఉంది, ఖాజా పేరూ ఉంది. కల్లు దొరకని దేశానికి పోతున్నవ్, ఎట్ల బతుకుతవన్నా అని ఖాజా ఆటపట్టిస్తే, నీ లెక్కనే ఛాయ్ తాగి బతుకుత తమ్మీ అన్నాడు మల్లేశం. అప్పారావు గారు ఇద్దరి వీపులూ తట్టి, తర్వాతి బ్యాచి కోసం తాడు చుట్టించడానికి యార్డులోకి పోయాడు. మల్లేశం ఒప్పందం రెండేళ్ళు పూర్తి చేశాడు, మళ్ళీ పొడిగించారు. ఇప్పుడు అక్కడ కొత్తగా వచ్చినవాళ్ళకు పని చూపించేది అతనేనని విన్నాను. దేవునికి వందనాలు.

ఆ తర్వాత నా సర్వీసులో మిగిలిన మూడేళ్ళూ మా కేంద్రంలో తెలుగు ప్రతికి నాలుగో మెట్టు ఉండింది: చేసి చూపించడం. నోటితో ఒప్పజెప్పిన దానికి నేను ముద్ర వేయించడం మానేశాను. బైట్‌కు తాడు మడత అన్న తెలుగు సరైనదే, ఈ రోజు అడిగినా అదే రాస్తాను. తప్పిందల్లా పోలిక దగ్గర. ఒక హెచ్చరికను తెలుగు చేసేవారు, దాన్ని చదవబోయే మనిషి ఇంతవరకు దేన్ని నమ్ముకుని ప్రాణంతో ఉన్నాడో ముందు కనుక్కోవాలి. కనుక్కోవడానికి అతని పని దగ్గరికి పోవాలి. బల్ల దగ్గర కూర్చుంటే అది తెలియదు.